బ్రౌజర్లు బోలెడు.. ఇంజిన్లు మూడే! సర్కారీ సేవలకూ దీనికీ లంకేంటి?

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2025 మార్చిలో ఒక పోటీ ఫలితాలు ప్రకటించింది. ‘ఇండియన్ వెబ్ బ్రౌజర్ డెవలప్‌మెంట్ ఛాలెంజ్’ పేరుతో 2023 ఆగస్టులో మొదలైన ఆ పోటీలో జోహో సంస్థ తయారుచేసిన ‘ఉలా’ బ్రౌజర్‌కు మొదటి బహుమతిగా కోటి రూపాయలు దక్కాయి. దేశానికి సొంత బ్రౌజర్ వచ్చేసిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. అయితే ఉలా లోపల ఉన్నది క్రోమియం. అంటే గూగుల్ క్రోమ్‌కు పునాది అయిన ఓపెన్ సోర్స్ కోడే దీనికీ పునాది.

ఇది ఉలా ఒక్కదాని సంగతి కాదు. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, వివాల్డి, శాంసంగ్ ఇంటర్నెట్.. వీటన్నిటి లోపలా క్రోమియమే. రంగు, గుర్తు, మెనూ వేరు. పేజీని చదివి తెరమీద గీసే భాగం మాత్రం ఒకటే.

‘ఉంటే ఉండనీ, పేజీ తెరుచుకుంటోందిగా’ అనిపించవచ్చు. కానీ ఇప్పుడు ఆదాయ ధ్రువపత్రం, భూమి రికార్డు, పీఎఫ్ క్లెయిమ్, పాస్‌పోర్టు అపాయింట్‌మెంట్, ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు.. అన్నీ బ్రౌజర్ గుండానే నడుస్తున్నాయి. ఒకప్పుడు ఆఫీసు కిటికీ ఎన్నింటికి తెరుస్తారో, ఎవరిని లోపలికి రానిస్తారో ప్రభుత్వం నిర్ణయించేది. ఇప్పుడు ఆ కిటికీని తయారుచేసేది రెండు మూడు విదేశీ కంపెనీలు. అందుకే ఈ వ్యవహారాన్ని కంప్యూటర్ వాళ్ల గొడవగా వదిలేయడానికి లేదు.

ఇంజిన్ అంటే ఏమిటి?

ఏదైనా వెబ్‌సైట్ చిరునామా కొట్టినప్పుడు సర్వర్ నుంచి మనకు వచ్చేది పేజీ బొమ్మ కాదు, కోడ్. ఇక్కడ శీర్షిక పెట్టు, ఇక్కడ ఒక పెట్టె పెట్టు, ఈ బటన్ నొక్కితే ఈ పని చెయ్యి అనే సూచనలు. ఆ సూచనలను చదివి, అక్షరాలు, బొమ్మలు, బటన్లుగా మార్చే భాగాన్నే రెండరింగ్ ఇంజిన్ అంటారు. దానికి తోడుగా జావాస్క్రిప్ట్‌ను నడిపే మరో ఇంజిన్ ఉంటుంది. బుక్‌మార్కులు, ట్యాబ్‌లు, పాస్‌వర్డులు గుర్తుపెట్టుకోవడం లాంటివి ఈ ఇంజిన్ చుట్టూ కట్టిన గదులు.

ప్రస్తుతం విస్తృతంగా వాడుకలో ఉన్న ఇంజిన్లు మూడే. గూగుల్ నడిపించే బ్లింక్ ఒకటి, ఇది క్రోమియంలో భాగం. ఆపిల్ వారి వెబ్‌కిట్ రెండోది, ఇది సఫారీలో ఉంటుంది. మొజిల్లా వారి గెకో మూడోది, ఇది ఫైర్‌ఫాక్స్‌లో ఉంటుంది. ప్రపంచవ్యాప్తంగా క్రోమ్ ఒక్కదాని వాటాయే దాదాపు మూడింట రెండు వంతులు. ఎడ్జ్, ఒపెరా, శాంసంగ్ వంటివి కలిపితే బ్లింక్ వాటా నాలుగింట మూడు వంతులు దాటుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లు ఎక్కువగా ఉన్న మన దేశంలో దాని పట్టు ఇంకా ఎక్కువ. ఆండ్రాయిడ్‌లో చాలా యాప్‌లు లోపల వెబ్ పేజీలు చూపించడానికి వాడే ‘వెబ్‌వ్యూ’ కూడా ఇదే కోడ్.

మూడుకు ఎలా చేరాం?

ఈ చరిత్రలో ఇప్పటి ఆధిపత్యం మొదటిది కాదు. 1994 చివర్లో నెట్‌స్కేప్ నావిగేటర్ వచ్చింది. మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను విండోస్‌తో పాటే ఉచితంగా ఇవ్వడంతో నెట్‌స్కేప్ కుదేలైంది. దీనిపై అమెరికా ప్రభుత్వం 1998లో కేసు వేసింది. కంపెనీని రెండుగా చీల్చాలని 2000లో కింది కోర్టు చెప్పినా, 2001లో అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. అయితే గుత్తాధిపత్యాన్ని అక్రమంగా కాపాడుకుందన్న తీర్పు మాత్రం నిలిచింది.

ఈలోగా ఎక్స్‌ప్లోరర్ వాటా 95 శాతం దగ్గరకు చేరింది. పోటీ లేకపోతే ఏమవుతుందో అప్పుడే తెలిసింది. 2001 ఆగస్టులో ఆరో వెర్షన్ వచ్చాక, ఏడో వెర్షన్ కోసం 2006 అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఐదేళ్లపాటు ప్రపంచమంతా భద్రతా లోపాలతోనే కాలం గడిపింది. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్, 2008 సెప్టెంబరులో క్రోమ్ వచ్చాకే మళ్లీ కదలిక మొదలైంది.

క్రోమ్ కూడా సొంత ఇంజిన్‌తో పుట్టలేదు. కేడీఈ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు వారి కేహెచ్‌టీఎంఎల్ కోడ్ తీసుకుని ఆపిల్ వెబ్‌కిట్ చేసుకుంది. దాన్ని గూగుల్ వాడుకుంది. 2013లో అందులోంచి చీలి బ్లింక్ అయింది. అదే ఏడాది ఒపెరా తన సొంత ఇంజిన్ ప్రెస్టోను పక్కనపెట్టింది. 2018 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ కూడా చేతులెత్తేసి, ఎడ్జ్‌ను క్రోమియం మీదకు మారుస్తామని ప్రకటించింది. లక్షల కోట్ల విలువైన మైక్రోసాఫ్టే సొంత ఇంజిన్‌ను మోయలేకపోయిందంటే ఇందులో ఉన్న ఖర్చు ఎంతో ఊహించుకోవచ్చు.

కారణం ఒక్క ఖర్చే కాదు. వెబ్‌సైట్లు తయారుచేసేవారు క్రోమ్‌లో పరీక్షించి సరిపెడుతున్నారు. వేరే ఇంజిన్‌లో ఏదైనా తేడా వస్తే జనం సైటును కాదు, బ్రౌజర్‌ను తప్పుపడతారు. క్రోమ్‌కు మారిపోతారు. వాటా ఇంకా పెరుగుతుంది. పరీక్షించేవారు ఇంకా తగ్గుతారు. ఇది తిరగలిలా తిరుగుతూనే ఉంటుంది.

ఒక్కటే ఉంటే నష్టమేంటి?

లాభాలు లేకపోలేదు. డెవలపర్‌కు పని తగ్గుతుంది. లోపం బయటపడితే ఒకచోట సరిచేస్తే అందరికీ చేరుతుంది. క్రోమియం ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా తీసుకోవచ్చు. ఇవన్నీ నిజాలే. నష్టాలు మూడున్నాయి.

మొదటిది ప్రమాణాలు. వెబ్ ఎవరి సొత్తూ కాకుండా ఉండటానికి కారణం ఉమ్మడి ప్రమాణాలు. ఒక ప్రమాణం ఖరారు కావాలంటే, వేర్వేరుగా రాసిన కనీసం రెండు అమలులు ఒకే ఫలితం ఇవ్వాలనేది పాత సంప్రదాయం. 2010లో ‘వెబ్ ఎస్‌క్యూఎల్’ అనే ప్రమాణం సరిగ్గా ఇక్కడే ఆగిపోయింది. దాన్ని అమలుచేసిన బ్రౌజర్లన్నీ లోపల ఒకే డేటాబేస్ కోడ్ వాడాయి. అలాంటప్పుడు రాసుకున్న ప్రమాణం కాగితానికే పరిమితమై, ఆ కోడ్ చేసిందే ప్రమాణం అవుతుందని డబ్ల్యూ3సీ దాన్ని పక్కనపెట్టింది. ఇంజిన్ ఒక్కటే మిగిలితే వెబ్ మొత్తానికీ ఇదే పరిస్థితి.

రెండోది నిర్ణయాధికారం. కోడ్ అందరిదే అయినా పగ్గాలు అందరి చేతిలో లేవు. క్రోమియంలో చేరే మార్పుల్లో 90 శాతానికి పైగా గూగుల్ నుంచే వస్తాయి. ఎక్స్‌టెన్షన్లు పనిచేసే పద్ధతిని గూగుల్ ‘మ్యానిఫెస్ట్ వీ3’ పేరుతో మార్చింది. దాంతో యూబ్లాక్ ఆరిజిన్ లాంటి ప్రకటనల నిరోధకాలు క్రోమ్‌లో పాత రూపంలో పనిచేయడం మానేశాయి. ప్రకటనల మీద బతికే కంపెనీ, ప్రకటనలను ఆపే పరికరాల హద్దులు నిర్ణయించింది. క్రోమియం మీద ఆధారపడిన మిగతా బ్రౌజర్లు ఆ మార్పును అంగీకరించడమో, పాత పద్ధతిని సొంత ఖర్చుతో మోయడమో తేల్చుకోవాల్సి వచ్చింది. ఫైర్‌ఫాక్స్‌కు వేరే ఇంజిన్ ఉంది కాబట్టి పాత పద్ధతిని కొనసాగించగలిగింది.

మూడోది భద్రత. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలను చదివే ఒక చిన్న కోడ్ లైబ్రరీలో ప్రమాదకరమైన లోపం బయటపడింది. ఆ లైబ్రరీని అందరూ వాడుతున్నారు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్‌తో పాటు లెక్కలేనన్ని యాప్‌లు హడావుడిగా అప్‌డేట్లు ఇవ్వాల్సి వచ్చింది. ఊరందరికీ ఒకే బావి అయితే నీరు చెడినప్పుడు ఊరంతా మంచాన పడుతుంది.

తెలుగువారికి ఇది కొత్తేమీ కాదు

ఇరవై ఏళ్ల కిందట తెలుగు పత్రికలను నెట్‌లో చదివినవారికి ఈ బాధ బాగా తెలుసు. యూనికోడ్ ఇంకా అలవాటు కాని రోజుల్లో ఒక్కో సైటు ఒక్కో సొంత ఫాంటు వాడేది. ఆ ఫాంటును పేజీతో పాటు పంపే ‘డైనమిక్ ఫాంట్’ విధానాల్లో మైక్రోసాఫ్ట్‌ది ఎక్స్‌ప్లోరర్‌లోనే పనిచేసేది. మరో బ్రౌజర్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని గుర్తులు కనిపించేవి. ఫైర్‌ఫాక్స్ వాడేవారి కోసం ఆ గుర్తులను యూనికోడ్ తెలుగులోకి మార్చే ‘పద్మ’ అనే యాడాన్‌ను పనిగట్టుకుని తయారుచేయాల్సి వచ్చింది. ఒక బ్రౌజర్‌ను నమ్ముకుని రాసిన తెలుగు, ఆ బ్రౌజర్ దాటితే తెలుగు కాకుండా పోయింది. యూనికోడ్ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చాకే మన అక్షరం ఏ తెరమీదైనా నిలబడింది.

2018 ఫిబ్రవరిలో మరో సంఘటన. ‘జ్ఞా’కు సంబంధించిన ఒక అక్షర సమూహం తెరమీదకు వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. మెసేజెస్, వాట్సాప్, జీమెయిల్.. తయారుచేసిన కంపెనీలు వేరు. కానీ ఐఫోన్‌లో అక్షరాలను గీయడానికి అన్నీ ఆపిల్ ఇచ్చిన ఒకే వ్యవస్థ మీద ఆధారపడ్డాయి. ఆ ఒక్కటి తడబడితే అన్నీ పడిపోయాయి. అదే నెలలో ఆపిల్ అప్‌డేట్ ఇచ్చేదాకా ఆ యాప్‌ల కంపెనీలు పెద్దగా చేయగలిగిందేమీ లేదు.

దక్షిణ కొరియా నేర్పిన పాఠం

ప్రభుత్వమే ఒక బ్రౌజర్‌కు తాళం వేసుకుంటే ఏమవుతుందో తెలుసుకోవాలంటే దక్షిణ కొరియాను చూడాలి. 1990ల చివర్లో బలమైన ఎన్‌క్రిప్షన్ ఎగుమతిపై అమెరికా ఆంక్షలు ఉండేవి. అందుకని కొరియా ‘సీడ్’ పేరుతో సొంత ఎన్‌క్రిప్షన్ తయారుచేసుకుంది. మంచి ఆలోచనే. కానీ బ్రౌజర్లలో అది లేదు. దాంతో మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్‌ఎక్స్ ప్లగిన్ల ద్వారా దాన్ని అందించారు. యాక్టివ్‌ఎక్స్ పనిచేసేది విండోస్‌లో, అదీ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే.

1999లో ఎలక్ట్రానిక్ సంతకాల చట్టం వచ్చాక బ్యాంకింగ్, ఆన్‌లైన్ కొనుగోళ్లు, ప్రభుత్వ సేవలు అన్నీ ఆ ధ్రువపత్రం చుట్టూ అల్లుకున్నాయి. ప్రపంచంలోనే వేగవంతమైన ఇంటర్నెట్ ఉన్న దేశం ఏళ్ల తరబడి ఒకే బ్రౌజర్‌కు బందీ అయింది. ఏ పెట్టె వచ్చినా ‘ఎస్’ నొక్కి ఇన్‌స్టాల్ చేసుకోవడం జనానికి అలవాటైంది. మోసగాళ్లకు కావాల్సిందీ అదే.

2014లో అప్పటి అధ్యక్షురాలు పార్క్ గెన్-హే స్వయంగా దీన్ని ప్రస్తావించారు. ఒక టీవీ సీరియల్ నాయిక వేసుకున్న కోటును కొరియా సైట్లలో కొందామంటే చైనా అభిమానులకు ఈ ధ్రువపత్రమే అడ్డం పడుతోందని ఆమె అన్నారు. ఆ ధ్రువపత్రానికి ఉన్న ప్రత్యేక హోదా రద్దు కావడానికి 2020 డిసెంబరు దాకా పట్టింది. తాళం వేయడానికి ఏడాది పడితే, తీయడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

మన పోర్టళ్ల సంగతేంటి?

‘ఈ సైటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో బాగా కనిపిస్తుంది’ అనే వాక్యం మన ప్రభుత్వ సైట్ల అడుగున చాలాకాలం రాజ్యమేలింది. డిజిటల్ సంతకం టోకెన్‌ను కంప్యూటర్‌కు గుచ్చి టెండర్లు వేసేవారు, కంపెనీల పత్రాలు దాఖలు చేసేవారు పాత జావా, పాత ఎక్స్‌ప్లోరర్ కోసం ప్రత్యేకంగా ఒక కంప్యూటర్‌ను అలాగే ఉంచుకునేవారు. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్లోరర్‌కు మద్దతు ఆపేసింది. పాత సైట్ల కోసం ఎడ్జ్‌లో ‘ఐఈ మోడ్’ను కనీసం 2029 వరకు ఉంచుతామంది. గడువు మన చేతిలో లేదు, వాళ్ల చేతిలో ఉంది.

ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే జాతీయ మార్గదర్శకాలు 2009 నుంచే ఉన్నాయి. వీటి మూడో వెర్షన్ 2023లో వచ్చింది. అన్ని ప్రధాన బ్రౌజర్లలో సైటు పనిచేయాలన్నది అందులోని మాటే. నియమం ఉంది. టెండర్లో, బిల్లు చెల్లింపులో దానికి పట్టు ఎంత ఉందన్నదే ప్రశ్న.

ఇప్పుడు ఎక్స్‌ప్లోరర్ స్థానంలోకి క్రోమ్ వచ్చింది. తాజా క్రోమ్‌లో, కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిచి చూసి ‘పనిచేస్తోంది’ అని సంతకం పెట్టే పద్ధతి వల్ల ఎవరు బయట ఉండిపోతారో చూడాలి. 2017లో వచ్చిన జియోఫోన్‌ను కోట్లమంది కొన్నారు. అందులోని కైఓఎస్ పుట్టింది మొజిల్లా వారి గెకో నుంచి, అదీ చాలా పాత గెకో. అంటే దేశంలో మొదటిసారి నెట్ చూసిన చాలామంది పేదల చేతిలో ఉన్నది క్రోమ్ కాదు. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఆండ్రాయిడ్ ఫోన్ల పరిస్థితీ ఇంతే. పేరుకు క్రోమే, లోపల మాత్రం ఏళ్లనాటి ఇంజిన్.

చూపు లేనివారి సంగతి మరొకటి. తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్‌కు పేజీలో ఏముందో చెప్పేది బ్రౌజర్ ఇంజినే. ప్రమాణాల ప్రకారం రాయని పేజీలో బటన్ ఉందని కంటికి తెలుస్తుంది, చెవికి తెలియదు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు కేవైసీలో ఎదుర్కొంటున్న ఇబ్బందుల మీద వచ్చిన తీర్పు అది.

ఈ నష్టాన్ని కొలవడం కష్టం. ఎందుకంటే ఫోన్‌లో ఫారం తెరుచుకోని మనిషి ఫిర్యాదు చేయడు, మీసేవ కేంద్రానికి వెళతాడు. సర్వీస్ చార్జీ, ఆటో ఖర్చు, ఒక పూట కూలి పోతుంది. పోర్టల్ లెక్కల్లో మాత్రం ‘దరఖాస్తు విజయవంతం’ అనే నమోదవుతుంది. ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల చివరి రోజు రాత్రి పేజీ మొరాయిస్తే ఆ చార్జీ కట్టే అవకాశం కూడా ఉండదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. బ్రౌజర్ బాధ లేకుండా పని జరగడం చాలామందికి సౌకర్యమే. అయితే ఇక్కడా కిటికీ ఒక్క కంపెనీదే. అదనపు దారిగా ఉంటే మేలు. అదే ఏకైక దారి అయితే మాత్రం కొరియా కథ గుర్తుచేసుకోవాలి.

నమ్మకం జాబితా ఎవరిది?

బ్రౌజర్ పేజీని గీయడమే కాదు, ఏ సైటును నమ్మాలో కూడా నిర్ణయిస్తుంది. చిరునామా పట్టీలో కనిపించే తాళం గుర్తు వెనక ధ్రువీకరణ సంస్థల జాబితా ఒకటి ఉంటుంది. 2014 జులైలో గూగుల్ డొమైన్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్టు బయటపడింది. అవి జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం, అంటే ఎన్‌ఐసీ జారీ వ్యవస్థ నుంచి వచ్చాయి. వెంటనే భారత ధ్రువీకరణ నియంత్రణాధికారి, సీసీఏ, ఎన్‌ఐసీ మధ్యస్థ సర్టిఫికెట్లను రద్దు చేసింది. ఆ తర్వాత క్రోమ్ భారత మూల ధ్రువపత్రాలను కొన్ని డొమైన్లకే పరిమితం చేసింది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. భారత మూల ధ్రువపత్రాన్ని మైక్రోసాఫ్ట్ జాబితా నమ్మింది కాబట్టి విండోస్‌లో ఎక్స్‌ప్లోరర్, క్రోమ్ వాడేవారికి ముప్పు వచ్చింది. ఫైర్‌ఫాక్స్‌కు సొంత జాబితా ఉంది, అందులో అది లేదు. కాబట్టి ఆ బ్రౌజర్ వాడేవారు బయటపడ్డారు. వైవిధ్యం రక్షణ ఇస్తుందన్నది మొదటి పాఠం. ఒక దేశపు ధ్రువపత్రాన్ని నమ్మాలా వద్దా అనేది చివరికి బ్రౌజర్ కంపెనీ తేలుస్తుందన్నది రెండోది. స్వదేశీ బ్రౌజర్ పోటీలో సీసీఏ మూల ధ్రువపత్రంతో కూడిన సొంత నమ్మక జాబితా, టోకెన్‌తో డిజిటల్ సంతకం చేసే వీలు ఉండాలని కేంద్రం అడగడానికి నేపథ్యం ఇదే.

కోర్టులు, నియంత్రణ సంస్థలు ఏమంటున్నాయి?

అమెరికాలో సెర్చ్ వ్యాపారంలో గూగుల్ అక్రమ గుత్తాధిపత్యం నడిపిందని 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా తీర్పు ఇచ్చారు. ఫోన్లు, బ్రౌజర్లలో తన సెర్చే ముందుగా ఉండటానికి గూగుల్ 2021 ఒక్క ఏడాదే 2,630 కోట్ల డాలర్లు చెల్లించినట్టు విచారణలో తేలింది. క్రోమ్‌ను అమ్మించాలని ప్రభుత్వం కోరింది. 2025 సెప్టెంబరు 2న జడ్జి అందుకు ఒప్పుకోలేదు. ప్రత్యేక హక్కుల ఒప్పందాలను నిషేధించారు, చెల్లింపులను మాత్రం ఆపలేదు.

ఇక్కడొక చిక్కుముడి ఉంది. క్రోమ్‌కు పోటీదారైన ఫైర్‌ఫాక్స్ బతికేదే గూగుల్ డబ్బుతో. తమ ఆదాయంలో 90 శాతం ఫైర్‌ఫాక్స్ నుంచి వస్తుందని, అందులో సుమారు 85 శాతం గూగుల్ ఒప్పందానిదేనని మొజిల్లా ఆర్థికాధికారి కోర్టులోనే చెప్పారు. గుత్తాధిపత్యాన్ని శిక్షించబోతే ముందు పడిపోయేది పోటీదారు.

ఐఫోన్ విషయంలో పోరు వేరు. అక్కడ ఏ బ్రౌజర్ అయినా వెబ్‌కిట్‌నే వాడాలన్నది ఆపిల్ నియమం. అంటే ఐఫోన్‌లోని క్రోమ్ లోపల ఉన్నది ఆపిల్ ఇంజిన్. యూరప్ డిజిటల్ మార్కెట్ల చట్టం ప్రకారం 2024 మార్చి నుంచి అక్కడ వేరే ఇంజిన్లను అనుమతించాల్సి వచ్చింది. జపాన్ చట్టం కూడా 2025 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. ఇదే వెబ్‌కిట్ నియమం మరో కోణంలో చూస్తే, మొబైల్‌లో బ్లింక్‌ను ఆపుతున్న చివరి అడ్డుకట్ట కూడా. గేటు తెరిస్తే పోటీ పెరుగుతుందో, క్రోమే లోపలికి నడిచి వస్తుందో ఇంకా తేలలేదు.

మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. యాప్ స్టోర్ బలాన్ని వాడి క్రోమ్ స్థానాన్ని కాపాడుకుందన్నది అందులోని నిర్ధారణల్లో ఒకటి. 2023 మార్చిలో అప్పీలు ట్రైబ్యునల్ జరిమానాను సమర్థించి, కమిషన్ ఇచ్చిన ఆదేశాల్లో నాలుగింటిని పక్కనపెట్టింది.

మరి స్వదేశీ బ్రౌజర్ పరిష్కారమేనా?

సగం వరకే. వినియోగదారుల డేటా ఎక్కడికి వెళ్లాలి, ఏ ధ్రువపత్రాన్ని నమ్మాలి వంటి విషయాల్లో సొంత బ్రౌజర్ నిజంగా ఉపయోగపడుతుంది. కానీ ఇంజిన్ దిశ మారదు. క్రోమియంలో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ముందు గూగుల్ తేలుస్తుంది. ఆ తర్వాతే మనం సర్దుకోవాలి. కొత్త ఇంజిన్ రాయడం అసాధ్యమేమీ కాదు. మొజిల్లాలో పుట్టిన సర్వో ప్రాజెక్టు ఇప్పుడు లైనక్స్ ఫౌండేషన్ యూరప్ నీడలో సాగుతోంది. లేడీబర్డ్ అనే లాభాపేక్షలేని బృందం మొదటి నుంచి కొత్త ఇంజిన్ రాస్తోంది. రెండూ ఓపెన్ సోర్సే. మన విశ్వవిద్యాలయాలు, ఐటీ కంపెనీలు వాటిలో పాలుపంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రభుత్వాలు అంతకంటే తేలికగా చేయగలిగిన పని ఇంకోటుంది. పోర్టల్ టెండర్లోనే ‘మూడు ఇంజిన్లలోనూ, ఐదేళ్ల నాటి ఫోన్‌లోనూ, స్క్రీన్ రీడర్‌తోనూ పూర్తి దరఖాస్తు ప్రక్రియ పరీక్షించాలి’ అని రాయడం. ఆ పరీక్ష నివేదికను బయటపెట్టాకే చివరి బిల్లు చెల్లించడం. గడువున్న సేవల్లో పేజీ మొరాయిస్తే గడువు పొడిగించే నియమం పెట్టడం. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. సర్కారు ఎంత పెద్ద కొనుగోలుదారంటే, అది అడిగితే డెవలపర్లు ప్రమాణాలు పాటించక తప్పదు.

మీ పని మధ్యలో ఆగిపోతే..

* బ్రాండ్ కాదు, ఇంజిన్ మార్చండి. క్రోమ్‌లో ఫారం పనిచేయకపోతే ఎడ్జ్‌కో, బ్రేవ్‌కో మారినా లోపల అదే ఇంజిన్. ఫైర్‌ఫాక్స్‌లో చూడండి. ఐఫోన్‌లో అయితే సఫారీ నుంచి క్రోమ్‌కు మారినా ఇంజిన్ మారదు. కంప్యూటర్‌లోనో, ఆండ్రాయిడ్ ఫోన్‌లోనో ప్రయత్నించండి.

* అంతకుముందు ఒకసారి ప్రైవేటు విండోలో తెరవండి. అక్కడ పనిచేస్తే తప్పు పాత కుకీలదో, ఏదో ఎక్స్‌టెన్షన్‌దో కావచ్చు.

* ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్‌తో పాటు ‘ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ’ను కూడా ప్లే స్టోర్‌లో అప్‌డేట్ చేయండి. యాప్ లోపల తెల్ల పేజీ రావడానికి ఇది పాతబడటం ఒక కారణం.

* పాత డిజిటల్ సంతకం పోర్టళ్లకు ఎడ్జ్‌లోని ఐఈ మోడ్ పనికొస్తుంది. సైటు తెరుచుకోవడం లేదని భద్రతా సెట్టింగులు తగ్గించకండి. ఫోన్‌లో ఎవరో చెప్పిన సాఫ్ట్‌వేర్ దించుకోకండి.

* తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. బ్రౌజర్ పేరు, వెర్షన్, ఫోన్ మోడల్ రాసిపెట్టుకోండి. కేంద్ర సేవల మీద సీపీగ్రామ్స్‌లో, రాష్ట్ర సేవల మీద ఆయా ప్రజా ఫిర్యాదుల వేదికల్లో ఫిర్యాదు చేయండి. ‘సైటు పనిచేయడం లేదు’ అని ఊరుకోకుండా ‘ఫలానా బ్రౌజర్‌లో ఫలానా బటన్ పనిచేయడం లేదు’ అని రాయండి. గడువు దాటిపోయిందని చెప్పినప్పుడు మీ దగ్గరుండే ఆధారం ఆ ఫిర్యాదు నంబరే.